నాయన కాలి కింద బ్రేకు

పోయిన వారం మనం జాహ్నవిని ఇసుకలో వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. హెల్మెట్టు తియ్యకుండా, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, ఇంజను ఎప్పుడో ఆగిపోయిన కారులో కూర్చుని ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక్కమాట. తిరుపతి కొర్లగుంటలో కృష్ణమూర్తి డ్రైవింగ్ స్కూలంటే తెలియనివాళ్ళు తక్కువ. జీవితమంతా కొండ ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపి, ఒక్క గీత కూడా పడకుండా రిటైరైన మనిషి ఆయన. కూతురు జాహ్నవి ఆ స్కూల్లో ఆడవాళ్ళ బ్యాచ్‌కి నేర్పుతుంది. జీతం కూడబెట్టి మారుతి ఎయిట్ హండ్రెడ్ కొనుక్కుని, దాన్నీ స్కూలుకే ఇచ్చింది. ఎడమ సీటు ముందు నేర్పేవాళ్ళ కోసం ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్చు బిగించిన బండి. శ్రీపెరంబుదూరు దగ్గరున్న రేసు ట్రాకులో మామూలు మనుషులు కూడా సొంత కారు తీసుకెళ్ళి ఒక రోజు నడుపుకోవచ్చని విన్నప్పటి నుంచీ జాహ్నవికి అదే ధ్యాస. తిండి మానేసి, మాటలు మానేసి, అమ్మతో సిఫారసు చేయించి, చివరికి తండ్రిని ఒప్పించింది. కాకపోతే కృష్ణమూర్తి ఊరికే ఒప్పుకునే మనిషా? ఈరోజు ట్రాకు మాస్టారు ఆమెను పాస్ చేస్తే కారు ఆమెది, ట్రాకు కోసం విప్పే ఎడమ పెడళ్ళు ఇక బిగించడు. పాస్ చెయ్యకపోతే సాయంత్రమే పెడళ్ళు బిగించి ఎల్ బోర్డు తగిలిస్తాడు. ఇంకెప్పుడూ ఆమె ఈ ఊసెత్తకూడదు. అదీ ఒప్పందం.

పొద్దున ట్రాకువాళ్ళు చెకింగులోనే ఎడమ పెడళ్ళు తీసెయ్యమన్నారు. కృష్ణమూర్తే స్పానరు పట్టుకుని, పన్ను పీకించుకుంటున్నవాడిలా మొహం పెట్టి విప్పాడు. పక్కన మాస్టారు ఇలియాస్‌ని కూర్చోబెట్టుకుని జాహ్నవి బయల్దేరింది. పొడుగాటి రోడ్డు చివర, మొదటి మలుపులో, కారు తిరగనే లేదు. నేరుగా పోయి, అదుపు తప్పిన కార్లు ఆగడానికి పోసిన ఇసుకలో కూలబడింది.

ట్రాక్టరు వచ్చి తాడు కట్టింది. కారు వెనక అద్దం మీద పసుపు పెయింటుతో ‘స్త్రీలకు ప్రత్యేక శిక్షణ’ అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. కార్లు పెట్టుకునే షెడ్ల దగ్గర నిలబడ్డ మద్రాసు కుర్రాళ్ళందరికీ ఆ అక్షరాలు చక్కగా కనబడేలా ట్రాక్టరు దాన్ని వెనక్కి ఈడ్చుకుంటూ వచ్చింది. తెలుగు చదవడం రాని ఒకడు, చదవడం వచ్చినవాణ్ణి అడిగి తెలుసుకుని మరీ నవ్వాడు. జాహ్నవికి వాడి మీద కోపం రాలేదు. కారు మీద వచ్చింది. కారు మీద వచ్చిన కోపం తండ్రి మీదికి మళ్ళడానికి ఎంతో సేపు పట్టలేదు.

“బ్రేకు రాయి మాదిరి ఉండాది నాయనా! పొద్దున విప్పేటప్పుడు ఏందో చేసినావు నువ్వు.”

“నేనేం చేస్తానమ్మణ్ణీ? బోల్టులు విప్పినా, రాడ్డు తీసినా. అంతే కదా.”

“అంతే అయితే ఎందుకట్ల గట్టిపడింది? మన కొండ మీద ఎట్లుండేది! కాలు పెడితే చాలు, వెన్నలో వేలు పెట్టినట్టు దిగేది.”

మామూలుగా అయితే కృష్ణమూర్తి ఈ మాటకు పది మాటలు అనేవాడు. బస్సు బ్రేకుల గురించి, కాలం మారిపోవడం గురించి, ఇప్పటి మెకానిక్కుల గురించి ఒక ఉపన్యాసమే ఇచ్చేవాడు. ఈసారి జేబులోంచి గుడ్డ తీసి, శుభ్రంగానే ఉన్న సైడు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. జాహ్నవి అది గమనించే స్థితిలో లేదు.

ఇలియాస్ వచ్చాడు. ఆయన సొంతూరు పలమనేరు. కుర్రతనంలో కార్ల ర్యాలీలు తోలి, మద్రాసులో స్థిరపడి, ఇప్పుడు ఇలా కొత్తవాళ్ళకు నేర్పుతున్నాడు. షర్టు నిండా ఇసుక. అయినా మనిషి విసుక్కోలేదు.

“ఏం బేటీ, దెబ్బలేం తగల్లేదు కదా?”

“నాకేం కాలేదన్నా. బ్రేకే పోయింది. చూడండి కావాలంటే.”

“చూస్తా పా.”

ఆయన నింపాదిగా చూశాడు. బానెట్టు ఎత్తి బ్రేకు ఆయిలు చూశాడు. చక్రాల దగ్గర వంగి వేడి చూశాడు. చివరికి తనే డ్రైవరు సీట్లో కూర్చుని షెడ్ల వెనక ఖాళీ దారిలో ఒక రౌండు కొట్టాడు. వేగంగా వచ్చి, నీళ్ళ బాటిలు పెట్టిన చోట టక్కున ఆపాడు. మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ అక్కడే ఆపాడు.

“బ్రేకు బంగారం మాదిరి ఉండాది. ఇప్పుడు నువ్వు రా.”

జాహ్నవి వచ్చింది. బాటిలు దగ్గరికి రాగానే, అలవాటు ప్రకారం బ్రేకు మీద పాదం ఆనించింది. కారు బాటిలును దొర్లించుకుంటూ ముందుకు పోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. బాటిలు చక్రం కింద పడి నలిగిపోయింది. మూడోసారికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, ఒళ్ళు మంట.

“చూసినారా? పట్టడం లే!”

“నువ్వు తొక్కడం లే,” అన్నాడు ఇలియాస్.

“తొక్కతానే ఉండా కదన్నా!”

“ముట్టుకుంటా ఉండావు. అది తొక్కడం కాదు. ఎవురు నేర్పినారు నీకిట్ల?”

జాహ్నవికి తల కొట్టేసినట్లయింది. తిరుపతిలో ఆమె బ్రేకు కాలికి ఉన్న పేరు అలాంటిలాంటిది కాదు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వెనక సీట్లో నిద్రపోతున్న అమ్మ తల కూడా కదలదని కృష్ణమూర్తి ఊరంతా చెప్పుకునేవాడు. ‘మా అమ్మణ్ణిది మెత్తని కాలు’ అని పాత బస్సు డ్రైవర్ల దగ్గర ఆయన పొంగిపోతుంటే, ఆమె పక్కన నిలబడి సిగ్గుపడుతూ వినేది. ఆ మాట మీదే కదా ఇంత దూరం వచ్చింది! ఆ కాలికి ఒక ట్రాకు కూడా ఉందని తెలిసినందుకే కదా నెలల తరబడి ఇంట్లో యుద్ధం చేసింది!

“ఈ కారులో, ఈ బ్రేకుతో, కొండ దిగినాను నేను. ఎన్నిసార్లు దిగినానో లెక్క లేదు. అప్పుడు మెత్తగా ఉండింది, ఇప్పుడు గట్టిగా ఉండాది. అంతే. ఇంకేం లే.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక, ఎక్కడో విన్నట్టు అనిపించింది ఆమెకు. ఆ మాటలే, ఆ విసురే. ఎవరన్నారు?

చంద్రకాంతమ్మ.

బ్యాంకు మేనేజరుగారి భార్య చంద్రకాంతమ్మ పోయినేడు జాహ్నవి దగ్గర నేర్చుకుంది. మహా భయస్తురాలు. బ్రేకు మీద కాలు ఆనించి, కళ్ళు సగం మూసుకుని, కారు ఆగాక ‘ఆపేశానోయ్’ అని మురిసిపోయేది. ఆపింది ఆమె కాదు. ఎడమ సీట్లో కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటిస్తూ, ఆపింది జాహ్నవి. రెండు పెడళ్ళకూ మధ్య రాడ్డు ఉంటుంది. ఇటు తొక్కితే అటుది కూడా దిగుతుంది. కాలి కింద పెడల్ దిగుతుంటే ఎవరైనా తామే తొక్కామనుకుంటారు. కొత్తవాళ్ళకు ధైర్యం రావాలని స్కూల్లో అందరూ చేసే పనే అది. లైసెన్సు వచ్చాక చంద్రకాంతమ్మ సొంత కారు తీసి, సొంత ఇంటి ప్రహరీని కొట్టి, మర్నాడు స్కూలుకు వచ్చి ఏమందంటే, “మీ కారు బ్రేకు మెత్తనమ్మా, మాది గట్టిది” అంది. ఆమె వెళ్ళాక జాహ్నవి, కృష్ణమూర్తి కడుపుబ్బా నవ్వుకున్నారు.

జాహ్నవి మెల్లగా తల తిప్పి ఎడమ సీటు కిందికి చూసింది. పెడళ్ళు విప్పిన చోట బోల్టుల రంధ్రాలు మెరుస్తున్నాయి. ఊళ్ళో, సందుల్లో, మార్కెట్టుకు, ఆమె ఒంటరిగానే కారు తీసుకెళ్ళేది. అక్కడ వేగమెంత, బ్రేకు అవసరమెంత? కానీ కొండ దిగినప్పుడల్లా, పుత్తూరు దాటి పెద్ద రోడ్డెక్కినప్పుడల్లా, ఈరోజు తెల్లారి నగరి మీదుగా ఇక్కడికి వచ్చేటప్పుడు కూడా, ఎడమ సీట్లో ఎవరున్నారు?

ఆమె కారు దిగింది. హెల్మెట్టు విప్పి బానెట్టు మీద పెట్టింది. కృష్ణమూర్తి అద్దం తుడవడం ఆపలేదు.

“నాయనా.”

“ఊఁ.”

“నా పక్క చూడు.”

ఆయన చూడలేదు.

“నువ్వే తొక్కతా ఉంటివా?”

కృష్ణమూర్తి గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పాడు. ఎదురుగా నిలబడి అడిగితే అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషికి అవసరానికి అది దొరకదు.

“మొదట్లో తొక్కినాను,” అన్నాడు.

“మొదట్లో అంటే? నిన్న? మొన్న?”

“అమ్మణ్ణీ, ఈడ వద్దు. ఇంటికి పోయినాక మాట్లాడుకుందాం.”

“ఈ పొద్దు నగిరి దగ్గర లారీ అడ్డమొస్తే ఆపింది ఎవురు? నేనా, నువ్వా? చెప్పు!”

ఆమె గొంతు షెడ్డంతా వినబడింది. ఇలియాస్ మర్యాదగా నాలుగడుగులు అవతలికి జరిగాడు. అయితే చెవులు మూసుకోలేడు కదా.

“ఇద్దురమూ,” అన్నాడు కృష్ణమూర్తి చివరికి. “నువ్వు కాలు పెట్టినావు. నేను రవంత సాయం పట్టినాను.”

“రవంతనా!”

“నా మాట విను. ఫస్టు ఫస్టు కొండ మీద నువ్వు మలుపులోకి పోతా ఉంటే నాకు పానం పొయినంత పనయింది. కాలు దానంతట అదే పొయి తొక్కింది. కారు మెత్తంగా ఆగింది. నువ్వు నా పక్క తిరిగి, ‘చూసినావా నాయనా’ అంటివి. ముఖం ఇంత చేసుకోనుంటివి. నేనే తొక్కినానని ఎట్ల చెప్పేది?”

“నోటితో చెప్పేది!”

“రేపు చెప్తాం, ఎల్లుండి చెప్తాం అనుకుంటిని. ఇంతలోపల మీ అమ్మ నలుగురికి చెప్పింది. నేనూ చెప్పినాను. చెప్పి చెప్పి నాకే నిజమనిపించింది. అయినా, నీకేం తక్కువ? స్టీరింగు నీదే. గేర్లు నీవే. బ్రేకొక్కటే కదా.”

ఇంత కోపంలోనూ జాహ్నవికి నవ్వొచ్చేది, ఆ మాట ఇంకెవరి గురించైనా అయ్యుంటే. బ్రేకొక్కటేనట! తనకు డ్రైవింగే రాదని, ఇన్నాళ్ళూ తనొక పెద్ద చంద్రకాంతమ్మనని, ఆ సంగతి తనకు తెలియకపోయినా కన్నతండ్రికి తెలుసని, ఆమెకు ఒక్కసారిగా అర్థమయింది. సిగ్గేసింది. అసహ్యమేసింది. అన్నిటికన్నా ఎక్కువగా దుఃఖమేసింది. చిన్నప్పటి నుంచీ ఆయన మెప్పు కోసం ఆమె చేసిన పనుల్లో ఆమె మనసారా నమ్మింది ఇదొక్కటే.

“అందుకేనా షరతు పెట్టినావు? పెడల్ లేకపోతే నేను ఓడిపోతానని నీకు ముందే తెలుసు. తెలిసే ఒప్పుకుంటివి.”

కృష్ణమూర్తి తల వంచుకుని గుడ్డను పిడికిట్లో నలిపాడు. 

“పోదాం పా,” అన్నాడు గొంతు బాగా తగ్గించి. “తెలిసింది కదా. ఇంటికి పొయి మొదట్నుంచి నేర్పిస్తాను. నిజంగానే నేర్పిస్తాను. ఇంగ చాలు ఈ పొద్దుకు.”

ఆయన బాధపడుతూ అన్న మాటే. ఆమెకు మాత్రం అది బేరంలా వినబడింది. ఇప్పుడు ఇంటికి వెళ్తే ఎల్ బోర్డు తగులుతుంది. పెడళ్ళు బిగుస్తాయి. మళ్ళీ ఆ కాలు, మళ్ళీ ఆ మెత్తదనం. తొక్కింది తనో ఆయనో ఇక జన్మలో తెలియదు.

ఆమె ఇలియాస్ దగ్గరికి నడిచింది.

“అన్నా, మధ్యాహ్నం ఇంకో విడత ఉండాది కదా నాకు?”

“ఉండాది. కానీ మళ్ళీ ఇసుకలో దిగితే ఇంటికి పంపించేస్తారు. ఇంగ ఆ కారును గేటు లోపలికి రానియ్యరు. ఆలోచించుకో.”

“ఇప్పుడే నేర్పండి. ఉండే టైములోనే నేర్పండి.”

నేర్పాడు. భోజనాల వేళ అందరూ పొట్లాలు విప్పుకుని కూర్చుంటే, షెడ్ల వెనక ఎండలో జాహ్నవి బ్రేకు తొక్కడం నేర్చుకుంది. ఎంత తొక్కితే చక్రాలు బిగిసి కారు జారుతుందో, ఎంత తగ్గిస్తే పట్టు దొరుకుతుందో, వేగంలో ఉన్నప్పుడు ఒక్కసారిగా గట్టిగా తొక్కి తరవాత మెల్లగా ఎట్లా వదలాలో చూపించాడాయన. తొడ నొప్పి పుట్టింది. అరికాలు మండింది. ఎన్నో బాటిళ్ళు నలిగాయి. చివరికి ఒకటి నలగకుండా మిగిలింది. తరవాతిది కూడా మిగిలింది. ఆగిన కారులో కూర్చుని ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. ఇది మెత్తని కాలు కాదు. మొరటుగా, కుదుపుగా, అమ్మ నిద్ర కచ్చితంగా చెడిపోయే కాలు. కానీ ఎవరి సాయమూ లేనిది.

“బాగుండాది,” అన్నాడు ఇలియాస్. “మధ్యాహ్నం నేను పక్కన కూచుంటా. మూడు రౌండ్లు. మొదటి మలుపు ప్రతిసారీ నీ అంతట నువ్వు తిరిగితే పాస్.”

“మీరు వద్దన్నా. మా నాయన కూచుంటాడు.”

కృష్ణమూర్తి గుడ్డ కింద పడేసుకున్నాడు. “నేనా?”

“ఒక మనిషిని ఎక్కించుకోవచ్చు కదా? హెల్మెట్టు పెట్టుకుంటే చాలు కదా?”

“రూల్ ప్రకారం కూచోవచ్చు,” అన్నాడు ఇలియాస్, నసుగుతూ. “కానీ బేటీ, కోపంలో చేసే పని కాదిది.”

“కోపం కాదన్నా. ఆయన చూడాల. మీరు మలుపు దగ్గర నిలబడి చూడండి. ఆయన లోపల కూచోని చూడాల.” కోపం కాదంది గానీ, కోపమే.

“పెడల్ లేకుండా ఎడమ సీట్లో నేను కూచోలేనబ్బా,” అన్నాడు కృష్ణమూర్తి ఇలియాస్‌తో, సాయం అడుగుతున్నట్టు. “అలవాటు లే నాకు.”

“అలవాటు చేసుకో,” అంది జాహ్నవి. “నాకూ అలవాటు లే.”

అద్దెకు తెచ్చిన హెల్మెట్టు ఆయనకు బిగుతయింది. దూర్చుకునేసరికి నుదుటి మీది నామం చెరిగిపోయింది. ఆయన ఎడమ సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, బూట్లను బోల్టుల రంధ్రాల మీద ఆనించాడు.

పచ్చ జెండా ఊపారు.

మొదటి రౌండు ఆమె జాగ్రత్తగానే నడిపింది. ప్రతి మలుపు దగ్గరా ఎడమ వైపు నుంచి టక్కుమని చప్పుడు. కృష్ణమూర్తి బూటు ఖాళీ నేలను తొక్కుతోంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ తన గొప్పదనం చేసిన చప్పుడు అదే. పొద్దున ఇసుకలోకి పోయిన ఆ మలుపు వచ్చింది. గట్టిగా తొక్కింది. కారు ముక్కు వంచి, రొప్పుతూ, తిరిగింది. మలుపు అంచున కట్టిన గోడ పక్కన నిలబడ్డ ఇలియాస్ బొటనవేలు ఎత్తి చూపించాడు.

రెండో రౌండు ఇంకొంచెం వేగం. చప్పుళ్ళు తగ్గాయి. మలుపు దాటాక కృష్ణమూర్తి ఏదో అన్నాడు.

“ఏంది?” అని అరిచింది ఆమె.

“ఏంలే. ఆపింది నువ్వే కదా అంటా ఉండా.”

“నేనే!”

 ఆయన నోటి నుంచి అన్నాళ్ళూ వినీ వినీ అలవాటైన మెప్పు ఇలా లేదు. ఇది చిన్నగా, భయపడుతూ వచ్చింది. నిజమైనదై ఉంటుంది.

మూడో రౌండు. పొడుగాటి రోడ్డు మీద ఆమె యాక్సిలరేటరును పూర్తిగా కిందికి తొక్కింది. చిన్న ఇంజను గోల పెట్టింది. మలుపు ఎంత దూరముందో చూపించే తెల్ల బోర్డులు ఒకటొకటిగా దగ్గరికి వస్తున్నాయి. మొదటి బోర్డు దాటింది.

“తొక్కు అమ్మణ్ణీ.”

“తొక్కతా.”

రెండో బోర్డు దాటింది.

“ఇప్పుడే తొక్కు!”

“గమ్మునుండు నాయనా! నాకు తెలుసు!”

నిజంగానే తెలుసు. పాదం బ్రేకు మీదికి మారింది. సరిగ్గా నేర్చుకున్నట్టే, ఒక్కసారిగా, గట్టిగా దిగింది. కారు ముక్కు వంగింది. వేగం తగ్గుతోంది. మలుపు తన చేతికి వచ్చేసింది. ఆమె ఆనందంతో స్టీరింగు తిప్పడం మొదలుపెట్టింది.

అది కృష్ణమూర్తికి కనబడలేదు. ఆయనకు కనబడింది ఇసుక ఒక్కటే. కాలికి పని దొరకని మనిషి కుడిచెయ్యి సీట్ల మధ్యకు పోయి, హ్యాండ్ బ్రేకును పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి పైకి లాగేసింది.

వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. ముందు అద్దంలోంచి మలుపు పక్కకు జారిపోయి, ఆ స్థానంలో గోడ, గోడ పక్కన పరుగు తీస్తున్న ఇలియాస్ వచ్చారు. జాహ్నవి కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. ఈసారి అది ఏమీ ఆపలేదు.